సందులో సంధి

చరిత్ర మాస్టారు మొదటి పేపరు దిద్దుతూ నవ్వాడట. రెండోది చూసి ఇంకా గట్టిగా నవ్వాడట. మూడోదానికి నవ్వు ఆగింది. నాలుగోదానికి ఎర్రపెన్నుకి మూత పెట్టి, ఆ పేపర్లన్నీ విడిగా తీసి పక్కన పెట్టుకున్నాడట. స్టాఫ్ రూము ఊడ్చే ఆవిడ చెప్పిన మాట ఇది.

ప్రశ్న చిన్నదే. కొండ రాజుకీ ఏటి రాజుకీ ఏళ్ళ తరబడి సాగిన యుద్ధం ఎలా ముగిసింది? పుస్తకంలో దానికి ఒకటే వాక్యం. 'ఉభయులును శాంతి ఒప్పందము కుదుర్చుకొనిరి.' అది రాస్తే మార్కులు పడతాయి. ఈ పేపర్లలో మాత్రం ఇంకోలా ఉంది. 'ఇద్దరు రాజులూ ఉత్వసంధి చేసుకున్నారు.'

సంధి అంటే ఒప్పందమే, కాదనం. కానీ ఉత్వసంధి రాజులు చేసుకునేది కాదు. అది భాష పాఠంలో సంగతి. 'వాడు' పక్కన 'ఎక్కడ' వచ్చి 'వాడెక్కడ' అయిపోతుందే, అది. అక్షరాలు చేసుకునే సంధిని తెచ్చి రాజులకి అంటగట్టారు. ఒకడు రాస్తే తెలివి తక్కువ అనుకోవచ్చు. ఇద్దరు రాస్తే ఖర్మ అనుకోవచ్చు. అరడజను మంది అదే మాట రాస్తే ఏ మాస్టారైనా ఏమనుకుంటాడు?

పైగా వాళ్ళంతా ఒకే సందు పిల్లలు. బడి గోడ వెనకాల సందు. పరీక్షలో కూర్చున్నదీ ఒకే వరసలో.

మర్నాడు మాస్టారు ఆ పేపర్ల కట్ట చంకలో పెట్టుకుని తరగతిలోకి వచ్చాడు. మనిషి పొట్టి, గొంతు పొడుగు.

"సందు వాళ్ళు లేవండి."

లేచారు. అందులో గంట ఉంది. నిజంగానే గంటలాంటి పిల్ల, నోరు తెరిస్తే పక్క తరగతికి వినబడుతుంది. ఆ రోజు మాత్రం నాలుక తీసి ఇంట్లో పెట్టి వచ్చినట్టు నిలబడింది. నత్త ఉన్నాడు. వాడు నడిచినా నిదానమే, మాట్లాడినా నిదానమే. మోకాళ్ళ నొప్పి చిన్నప్పటి నుంచీ. కుడితిలో పడ్డ ఎలుకలా అటూ ఇటూ చూస్తున్నాడు.

"ఉత్వసంధి చేసుకున్నారా రాజులు? పాపం, సవర్ణదీర్ఘం దొరకలేదా?"

తరగతి అంతా ఘొల్లుమంది.

"జ్వరం ముదిరితే సంధి కొడుతుందని విన్నాను. పరీక్ష హాల్లో వరసగా ఆరుగురికి కొట్టడం ఇప్పుడే చూస్తున్నాను. చెప్పండి. ముందు రాసిందెవరు? వెనకనించి చూసిందెవరు?"

మాస్టారు కట్టలో వెతికాడు.

"మీ సందులోనే ఇంకో పిల్ల ఉంది. మీ వరసలోనే కూర్చుంది." మాస్టారు ఒక పేపరు పైకెత్తాడు. "పుస్తకంలో ఎలా ఉందో అలా, పొల్లు పోకుండా రాసింది. ఆ పిల్లని చూసి నేర్చుకోండి. వకీలూ, లేమ్మా."

వకీలు దర్జీ కూతురు. ఆరేళ్ళప్పుడు, బొత్తాం ఊడిపోయిందని కొట్టుకి గొడవకొచ్చిన పెద్దమనిషితో, "ఆ బొత్తాం మా అమ్మ కుట్టింది కాదండీ, దారం రంగు చూడండి" అని వాదించి పంపించింది. ఆ రోజు పడ్డ పేరు ఇప్పటిదాకా ఊడలేదు.

వకీలు లేచింది. మెచ్చుకోలు చాలామందికి చల్లగా తగులుతుంది. ఆ పిల్లకి చెప్పులో రాయిలా తగిలింది.

"మాస్టారూ, ఆ ముక్క నాది."

"ఏ ముక్క?"

"ఉత్వసంధి. వీళ్ళకి చెప్పింది నేను."

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంది" అని వెనక బెంచీలోంచి ఎవడో గొణిగాడు.

"హాల్లో చెప్పావా?"

"మా కొట్లో."

"మీ కొట్లో చరిత్ర కూడా కుడతారా?"

"కుడతామండీ. కొలతలు సరిగ్గా ఇస్తే."

అనకుండా ఉండాల్సింది. తరగతి ఈసారి మాస్టారిని చూసి నవ్వింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అందరినీ తీసుకెళ్ళి పెద్ద మేడం గదిలో నిలబెట్టాడు.

పెద్ద మేడం మాటల మనిషి కాదు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. కర్ర విరగకూడదు, పాము చావకూడదు, ఆవిడ దారి అది. సోమవారం ప్రార్థన అయ్యాక ఆ ఆరుగురూ మెట్ల మీద నిలబడి, కాపీ కొట్టామని బడి అందరికీ వినబడేలా చెప్పాలి. చెబితే ఆ పేపరుకి సున్నా, అంతటితో సరి. చెప్పకపోతే పెద్ద పరీక్షకి హాల్‌టికెట్టు ఇవ్వరు. అంటే ఏడాది పోయినట్టే. సందులో పిల్లలకి ఏడాది పోతే చదువు పోయినట్టే.

"నువ్వు వెళ్ళి తరగతిలో కూర్చోమ్మా" అంది వకీలుతో. "నీకు ఈ గొడవతో సంబంధం లేదు."

"వాళ్ళకి లేని హాల్‌టికెట్టు నాకూ వద్దు మేడం."

"ఆలోచించే అంటున్నావా?"

"లేదు మేడం. ముందు అనేసి తర్వాత ఆలోచిస్తాను. నాకదే అలవాటు."

తర్వాత ఆలోచించింది. ఇంటికి వెళ్ళే దారంతా ఆలోచించింది. ఆలోచిస్తే భయమేసింది. భయమేసినా మాట మాత్రం వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

ఈ ఉత్వసంధి పుట్టింది దర్జీ కొట్లో. కొట్టు అంటే ఇంటికి ముందు గది. కిటికీ దగ్గర మిషను, నడుమ కత్తిరించే బల్ల, మూలకి ఇస్త్రీ పెట్టె. గోడకి నల్లటి లైనింగు గుడ్డ ఒకటి వేలాడేది, కోట్ల లోపల వేసేది. దాని మీద కొలతలు గీసే సుద్దతో రాస్తే పలక మీద రాసినట్టే ఉండేది. సాయంత్రం పిల్లలు బల్ల కింద, బల్ల పక్కన, గుడ్డ ముక్కల మీద కూర్చునేవాళ్ళు. వకీలు గుడ్డని నాలుగు భాగాలు చేసేది. పైన ఈ పక్క భాష, ఆ పక్క చరిత్ర. కింద సైన్సు, దాని పక్కన వ్యాయామం పాఠం. దర్జీకి లైనింగు కావాల్సి వచ్చినప్పుడు బ్రష్షుతో దులిపేసేది. రాజులూ, ఆమ్లాలూ, అలంకారాలూ, మోకాలి చిప్పలూ అన్నీ కలిసి తెల్లటి దుమ్మై నేల మీద పడేవి. అందుకని ఎవరి పుస్తకంలోనూ ఏమీ లేదు. ఉన్నదంతా బుర్రల్లోనే.

నత్త బుర్రలోకి సంధులు ఎక్కలేదు. సూత్రం చెబితే కళ్ళు తేలేసేవాడు. ఒకరోజు దర్జీ చొక్కాకి చెయ్యి అతుకుతోంది. వకీలు ఆ అతుకు లాక్కుని వాడికి చూపించింది.

"ఇటు చూడరా. రెండు అంచులు కలిశాయా? ఒక అంచు లోపలికి పోయింది. ఇంకోటి పైన నిలబడింది. 'వాడు'లో డకారానికి కొమ్ముందా? 'ఎక్కడ' వచ్చి కలిసింది. కొమ్ము విరిగింది. 'ఎ' వచ్చి ఆ డ నెత్తిన కూర్చుంది. వాడెక్కడ. అంతే ఉత్వసంధి."

"కొమ్ము విరగ్గొట్టడమేనా?" అన్నాడు నత్త.

"అంతేరా."

"ఇంత చిన్నదాన్ని పుస్తకంలో అంత భయంగా ఎందుకు రాశారే?"

"ఆ చొక్కా ఇలా తే ముందు" అని దర్జీ కసిరింది.

మర్నాడు యుద్ధం పాఠం. ఏటి రాజు ఓడి కోట అప్పగించేశాడు. "అయితే వీడి కొమ్మూ విరిగిందన్నమాట" అంది గంట. అందరూ పగలబడి నవ్వారు. వకీలు ఆ నవ్వులోనే చరిత్ర మూల 'ఉత్వసంధి' అని రాసింది. వేళాకోళానికి రాసింది కాస్తా వేదమైపోయింది.

ఇక అక్కడినుంచి సంధి అన్ని మూలలకీ పాకింది. నీలం మైలుతుత్తం నీళ్ళలో ఇనప మేకు వేస్తే, ఇనుము వెళ్ళి రాగి కుర్చీలో కూర్చుంటుంది, రాగి బయటపడి మేకుని పట్టుకుంటుంది. వ్యాకరణంలో అది ఆదేశం, శత్రువులా వచ్చి ఉన్నవాణ్ణి తోసేయడం. మోకాలి దగ్గర ఎముకకీ ఎముకకీ మధ్య మెత్తటి మృదులాస్థి ఉంటుంది, ఎవరినీ తోయదు, మధ్యలో సర్దుకుంటుంది. అది ఆగమం, స్నేహితుడిలా రావడం. 'మా అమ్మ'లో రెండు అచ్చులు కొట్టుకోకుండా మధ్యలో య వచ్చి 'మాయమ్మ' అవుతుందే, అలాగ. ఈ లెక్కన చెబితే నత్తకి కూడా రాత్రి పడుకుని లేచాక గుర్తుండేది.

పరీక్షలో వకీలు మాత్రం పుస్తకం వాక్యమే రాసింది. తను రాసింది వేళాకోళమని తనకి తెలుసు. మిగతావాళ్ళకి తెలియదు. ఇది పరీక్షలో రాయకండర్రా అని ఒక్కసారి చెప్పి ఉంటే పోయేది. చెప్పలేదు. తోచలేదు.

"ఏమే, నీకేమైనా సంధి కొట్టిందా?" అంది దర్జీ, విషయం విన్నాక. పళ్ళ మధ్య దారం. "నిన్నెవరూ ఏమీ అనకపోతే నువ్వెందుకు దూరావు మధ్యలో?"

"అనకపోవడమే నా బాధ."

"తల వంచితే మెడ విరుగుతుందా? ఒక్క మాట అనేసి రమ్మను వాళ్ళని."

"తల వంచితే విరగదమ్మా. కొట్టని కాపీ కొట్టామంటే విరుగుతుంది."

"ఆ మాస్టారి ప్యాంటు ఇంకా నా దగ్గరే ఉంది. బడి యూనిఫారాలు కుట్టేది నేను. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?"

"ఉన్న మొహంతోనే వెళ్ళు. నువ్వేం తప్పు చేశావు?"

దర్జీ దారం తెంపింది. మిషను తొక్కింది. అది ఆగాక, "మీ నాన్న కూడా ఇంతే" అంది. "ఎదురుగా గోడ ఉంటే తలుపు వెతుక్కునేవాడు కాదు, గోడతో మాట్లాడేవాడు." అది తిట్టో మెప్పో వకీలుకి అర్థం కాలేదు. అడగలేదు.

ఆదివారం అందరూ కొట్లో చేరారు. నత్త వాళ్ళ నాన్న లారీ తోలతాడు. "రెండు ముక్కలు అనేసి టికెట్టు తెచ్చుకోరా, నీ మొహానికి పౌరుషం ఒకటా" అన్నాడట. గంట చచ్చినా అననంది. కాసేపయ్యాక, మా మామ్మ మాత్రం అనమంటోంది అంది. ఇంకొకడు గోళ్ళు కొరుక్కుంటున్నాడు.

"కొట్టామా, లేదా? ముందు అది చెప్పండి" అంది వకీలు.

"లేదు."

"మరి?"

"మరి ఏముంది, వాళ్ళు నమ్మరు" అంది గంట.

"నమ్మకపోతే వాళ్ళిష్టం. మనమే నమ్మకపోతే ఇన్నాళ్ళూ ఈ గుడ్డ ముందు కూర్చున్నది ఉత్తదే. ఉత్వసంధి కాదు, ఉత్త సంధి."

ఎవరూ నవ్వలేదు. కానీ గోళ్ళు కొరుక్కునేవాడు కొరకడం మానాడు.

"నాకు మాట ఆలస్యంగా వస్తుంది" అన్నాడు నత్త. "మీరంతా అరిచేశాక నేనొక్కణ్ణే మిగిలిపోతాను. ఏం చెప్పాలో ఇప్పుడే చెప్పవే, బట్టీ పడతాను."

"ఓరి నాయనా, బట్టీ వద్దనే కదరా ఈ గొడవంతా!"

సోమవారం ప్రార్థన అయింది. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. పెద్ద మేడం మెట్ల మీద కుర్చీలో కూర్చుంది. చరిత్ర మాస్టారు మైకు పట్టుకున్నాడు. ఆరుగురూ మెట్ల మీద వరసగా నిలబడ్డారు, ఉతికి ఆరేసినట్టు.

"మొదలుపెట్టండి" అన్నాడు మాస్టారు.

ఎవరూ మొదలుపెట్టలేదు.

వకీలు తన వరసలోంచి బయటికొచ్చి, నేరుగా నడుచుకుంటూ మెట్లెక్కి వాళ్ళ పక్కన నిలబడింది. బడి అంతా గుసగుసలు.

"నిన్ను పిలవలేదు" అన్నాడు మాస్టారు.

"తెలుసండీ. వచ్చాను."

"నీకు మైకు ఇవ్వను."

"అక్కర్లేదండీ, గొంతుంది." పెద్ద మేడం వైపు తిరిగింది. "మేడం, వీళ్ళు చెప్పరు. చెప్పడానికి ఏమీ లేదు. కాపీ కొట్టారో నేర్చుకున్నారో తెలియాలంటే అడగండి. పక్కపక్కన నిలబెట్టి కాదు. గ్రౌండులో తలో మూలా నిలబెట్టండి. ఒక్కొక్కళ్ళనీ పిలిచి, ఏ పాఠంలోంచైనా అడగండి. ఒక్కళ్ళు తెల్లమొహం వేసినా, ఆరుగురి తరఫునా నేనే మైకులో చెబుతాను, దొంగలమని."

"ఇక్కడేం సర్కసు పెట్టామా?" అన్నాడు మాస్టారు.

ఆటల మాస్టారు అంతవరకూ చెట్టు నీడలో నిలబడి ఉన్నాడు. "పెట్టండి మేడం, పరుగెత్తితే పిల్లలకి మంచిదే" అన్నాడు. వ్యాయామం పాఠం ఎవరైనా చదివారంటే ఆయనకి అప్పటికే సగం నమ్మకం కలిగేది. ఎందుకంటే ఎవరూ చదవరు.

పెద్ద మేడం కళ్ళజోడు తుడుచుకుంది. ఆ కుర్చీ ఎక్కకముందు ఆవిడ చెప్పింది భాషే. ఉత్వసంధి మాట విన్నప్పటి నుంచీ ఆవిడకీ లోపల ఏదో దురదగానే ఉండి ఉంటుంది. తల ఊపింది.

ఆటల మాస్టారు ఈల వేశాడు. పిల్లలు తలో మూలకీ పోయారు. ఒక్కొక్కళ్ళూ మెట్ల దగ్గరికి రావడం, పెద్ద మేడం గొంతు తగ్గించి అడగడం, చెప్పి వెనక్కి పోవడం. నీలం నీళ్ళలో మేకు వేస్తే ఏమవుతుందమ్మా? "శత్రువులా వస్తుంది మేడం. రాగిని తోసేసి కూర్చుంటుంది. ఆదేశం." ఇంకొకడొచ్చాడు. "కుర్చీ లాగేసుకుంటుందండీ, ఆదేశమండీ." గంట చెబితే గొంతు తగ్గించినా మూడు వరసలకి వినబడింది. అదే మాట.

పెద్ద మేడం మొహంలో ఏదో కదిలింది. వకీలు ఊపిరి పీల్చుకుంది.

"చూశారా" అన్నాడు చరిత్ర మాస్టారు. "అందరిదీ ఒకటే మాట. ఇదీ ముందే అనుకుని వచ్చిందే. చిలక పలుకులు. చిలకలు ఐదున్నాయి కాబట్టి అది చదువైపోతుందా?"

పుట్టాక మొదటిసారి, వకీలు ఎదుటివాడి మాటకి తల ఊపబోయింది. ఎందుకంటే ఆయన అన్నదాంట్లో న్యాయం ఉంది. ఒకేలా చెబితే కాపీ అన్నవాడికి, మళ్ళీ ఒకేలా చెప్పించి చూపించింది తనే.

అప్పటికి నత్త ఇంకా రాలేదు. గ్రౌండుకి ఆ చివరి మూల వాడిది. వస్తున్నాడు, మోకాలు పట్టుకుని, తన తీరుగా. వాడు వచ్చేదాకా బడి అంతా చూస్తూ నిలబడింది.

పెద్ద మేడం ఈసారి మేకు గురించి అడగలేదు. మైకు మాస్టారి చేతిలోంచి తీసుకుని నత్తకిచ్చింది. "కొండ రాజూ ఏటి రాజూ చేసుకున్నది ఉత్వసంధి అని రాశావు. ఎందుకో చెప్పు."

నత్త మైకు వైపు చూశాడు. వకీలు వైపు చూశాడు.

"తప్పు రాశానండీ."

అయిపోయింది అనుకుంది వకీలు. మాస్టారి కనుబొమలు లేచాయి.

"ఉత్వసంధి కాదండీ అది. అప్పుడు అనుకున్నాను. తర్వాత ఆలోచిస్తే కాదనిపించింది. ఉత్వసంధి అయితే ఏటి రాజు కొమ్ము విరిగి పోవాలి కదండీ. విరగలేదు. మూడో పేరాలో రేవు రాజు ఉన్నాడు. ఆయన సైన్యం తెచ్చి ఇద్దరి మధ్యా దిగాడు. ఇద్దరూ ఉన్నారు, మధ్యలో ఈయన ఉన్నాడు. అది యడాగమమండీ." ఆగాడు. మోకాలు తడుముకున్నాడు. "సంధి కుదరని చోటే య వస్తుంది. నాకు మోకాలి నొప్పి కాబట్టి తెలుసు. మధ్యలో మెత్తటిది అరిగిపోతే ఎముకలు రాసుకుంటాయి. రేవు రాజు చచ్చిపోగానే వీళ్ళిద్దరూ మళ్ళీ కొట్టుకున్నారు. పుస్తకం ఒప్పందం అంది గానీ, ఒప్పందం ఎక్కడ జరిగిందండీ?"

ఇంత పొడుగు మాట నత్త ఎప్పుడూ మాట్లాడలేదు. బడి అంతా నోరు తెరిచింది.

అంతలో గ్రౌండు అవతలనించి గంట మోగింది. "ఒరే నత్తా! బుద్ధి ఉందా నీకు? కోట ఇచ్చేశాడుగా ఏటి రాజు! కొమ్ము విరక్కపోతే కోటెందుకిచ్చాడు?"

"కోట ఇచ్చాడు, రాజ్యం ఇవ్వలేదు!" మైకులో అన్నాడు నత్త.

"రేవు రాజు స్నేహితుడేంట్రా, శత్రువు!" ఇంకో మూలనుంచి అరుపు. "రేవుపన్ను లాక్కోలేదూ? అది ఆదేశం!"

ఇక మూలలు లేవు. అందరూ మెట్ల దగ్గరికి పరుగెత్తుకొచ్చారు. ఒకడు కొండ రాజు తరఫు, ఒకత్తె ఏటి రాజు తరఫు. ఆటల మాస్టారు ఈల ఊదుతూనే ఉన్నాడు, వినేవాడు లేడు. సందులో జరగాల్సిన సందడి మెట్ల మీద జరుగుతోంది.

"కాదురా!" అన్న గొంతు వినబడింది. పొడుగు గొంతు. చరిత్ర మాస్టారిది. "రేవు రాజు వచ్చింది ముందు కాదు, కోట ఇచ్చాక! ముందు కొమ్ము విరిగింది, ఆ తర్వాతే ఆగమం..."

అని, నోరు మూసుకున్నాడు.

అందరూ ఆయన్నే చూస్తున్నారు. ఆయన చేతిలో పేపర్ల కట్ట నలిగిపోయి ఉంది.

"మూడో పేరా నేను చెప్పలేదే తరగతిలో" అన్నాడు నత్తతో, మెల్లిగా. "టైము లేక వదిలేశాను."

"పుస్తకంలో ఉందండీ. చదివాను."

పెద్ద మేడం లేచింది. "హాల్‌టికెట్లు నా బల్ల మీద పెట్టించండి" అంది. "ఏడుగురివీ."

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "ఇవ్వండి మేడం, నేను కాదనను. కానీ ఆ ప్రశ్నకి మార్కులు మాత్రం వెయ్యను. చరిత్రలో ఉత్వసంధి అనే మాట లేదు. సరిగ్గా రాసింది ఈ ఒక్క పిల్లే."

"నాదీ కొట్టెయ్యండి మాస్టారూ" అంది వకీలు.

"నీదెందుకు? నీది సరైందే."

"వాళ్ళు తప్పో ఒప్పో, రాసింది వాళ్ళ బుర్రలోది. నేను రాసింది పుస్తకంలోది, పొల్లు పోకుండా. మీరే అన్నారుగా. ఈ వరసలో కాపీ కొట్టింది నేనొక్కదాన్నేనండీ."

మాస్టారు ఆ పిల్లని ఎగాదిగా చూశాడు. కట్టలోంచి ఆ పేపరు తీశాడు. ఎర్రపెన్ను తీశాడు. కొట్టేస్తాడో కొట్టడో అని అందరూ చూస్తున్నారు. కొట్టలేదు. పెన్ను మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"ఏమ్మా వకీలూ, ఒకటి చెప్పు" అన్నాడు. ఈసారి గొంతులో వెక్కిరింత లేదు, అలసట ఉంది. "పెద్ద పరీక్ష పేపర్లు దిద్దేది నేను కాదు. ఎక్కడో ఎవడో దిద్దుతాడు. వాడు గ్రౌండులోకి వచ్చి మీ వాదన వినడు. పుస్తకంలో మాట కనబడకపోతే గీత గీసి పోతాడు. అక్కడేం రాస్తారు?"

మంచి ప్రశ్న. అంతవరకూ ఎవరూ దాని గురించి అనుకోలేదు. వకీలు ఈసారి ముందు ఆలోచించి తర్వాత మాట్లాడింది.

"పుస్తకం మాట రాస్తామండీ, వాడి కోసం. దాని కిందే మా మాటా రాస్తాం. ఎందుకో కూడా రాస్తాం. గీత గీస్తే గీసుకోనీ. చదివాకే కదా గీస్తాడు."

"నేను పుస్తకం మాట రాయను" అన్నాడు నత్త.

"ఏరా?"

"అది ఒప్పందం కాదు కాబట్టి."

"ఒరే, సున్నా వేస్తాడురా!" అన్నాడు మాస్టారు.

నత్త తన తీరుగా ఆలోచించాడు. పెద్ద మేడం, ఆటల మాస్టారు, బడి అంతా వాడి కోసం ఆగింది.

"సున్నా లేకుండా సంధి రాయలేమండీ" అన్నాడు.